ఇంకను ‘సీడెడ్’ ఏల?

ప్రతి శుక్రవారమును ఏదో యొక చలనచిత్రము విడుదల యగును. సోమవారము నాటికి దాని రాబడి పట్టిక పత్రికలలో వెలువడును. నైజాము ఇంత, ఉత్తరాంధ్ర ఇంత, తూర్పు ఇంత, పడమర ఇంత, కృష్ణ ఇంత, గుంటూరు ఇంత, నెల్లూరు ఇంత యని వరుసగ వ్రాయుదురు. వాని నడుమ ‘సీడెడ్’ ఇంత యని యొక పంక్తి యుండును. నంద్యాలలో గాని ఆళ్లగడ్డలో గాని పఠనమందిరమున కూర్చుండి పత్రిక చేతబట్టిన పాఠకుడు తన యూరి లెక్క యెచ్చటనున్నదని వెదకినచో, దానిని ఈ పంక్తియందే కనుగొనవలెను. అది యాతని యూరి పేరు కాదు, జిల్లా పేరు కాదు, సీమ పేరు కాదు. పెక్కుమంది పాఠకులకు అర్థమే తెలియని యొక పరభాషా విశేషణము.

మాకు చిత్రముల రాబడితో పనిలేదు. ఏ నటుని చిత్రము ఎన్ని కోట్లు తెచ్చినదో తూచుట ఈ పుట పని గాదు. కాని ఆ పట్టికను వ్రాయువాడు పత్రికారచయిత. దానిని ప్రకటించువాడు సంపాదకుడు. వారితో మాకు పని గలదు. రెండువందల యేండ్లకు పూర్వము ఒక విదేశ వర్తకసంఘము తన కాగితములలో ఈ నేలకు తగిలించిన మాటను, ఈ నేల ప్రజలు నిండుసభలో తీసి పారవైచిన మాటను, తెలుగు పత్రికలు వారమువారము మరల తెచ్చి మా నెత్తిన పెట్టుచున్నవి. ఇది యెట్టి పత్రికాధర్మము?

ముందుగా మాట యెట్టిదో చూతము. ఆంగ్లమున ‘సీడ్’ అనగా ఒకడు తన చేతిలోనున్న భూమిని ఒడంబడికచే మఱియొకనికి వదలి యిచ్చుట. దాని భూతకాలిక విశేషణము ‘సీడెడ్’. నంద్యాలలో పత్తి విత్తనముల వర్తకము పెద్దది గనుక, ఇది విత్తనమునకు సంబంధించిన మాటయని తలచువారు కూడ గలరు. అట్లయినను కొంత గౌరవమే యుండెడిది! అసలు అర్థము ‘ఇచ్చివేయబడిన’ యని. వ్యాకరణము చదివిన పాఠకులు ఈ మాటలో నెవరెవరున్నారో విచారింతురుగాక. ఇచ్చినవాడు నిజాము. పుచ్చుకొన్నది కుంఫిణీ. భూమి కర్మ. ఇక ఆ భూమిపై కాపురముండిన ప్రజలకు ఈ మాటలో ఏ విభక్తియు లేదు. వారు వాక్యములోనే లేరు.

పత్రికారచనయందు విశేషణము మిక్కిలి జాగరూకతతో వాడదగినది. సంఖ్య తప్పైనచో మఱునాడు సవరణ ప్రకటింతురు. పేరు తప్పైనచో ఆ పేరుగలవాడే వచ్చి తగవు పెట్టును. విశేషణము తప్పైనచో నెవరును పట్టరు. అది విశేష్యము చాటున నక్కి తలవంచుకొని లోనికి వచ్చి, మఱునాటినుండి యింటివానివలె కూర్చుండును. ఈ ‘సీడెడ్’ కథ యింతకన్న ఘోరము. మొదట నది ‘సీడెడ్ డిస్ట్రిక్ట్స్’ అను రెండు మాటలలో నొకటి. వెంట జిల్లాలను విశేష్యముండెను. వాడుకలో ఆ విశేష్యము రాలిపోయినది. విశేషణము మాత్రము నిలిచి తానే నామమైనది. ‘సీడెడ్ హక్కులు’, ‘సీడెడ్‌లో రికార్డు’, ‘సీడెడ్ ప్రేక్షకులు’ అని మన తెలుగు విభక్తులనే దానికి తగిలించి వ్రాయుచున్నారు. జిల్లాలు పోయినవి, జనము పోయిరి, నేల పోయినది. ఇచ్చివేయబడుట యొక్కటి మిగిలినది.

ఆ యిచ్చివేత యెట్లు జరిగినదో చెప్పవలెను. 1792లోను 1799లోను మైసూరు సుల్తానుతో జరిగిన యుద్ధములలో కుంఫిణీతో చేయి కలిపినందులకు నిజాము ఆలీఖానునకు ఈ ప్రాంతములు వంతుగ వచ్చినవి. ఆయన కొలువులో కుంఫిణీ సైన్యమొకటి నిలిపియుంచబడెను. ఆ సైన్యమునకు జీతము లియ్యవలెను. 1800 అక్టోబరు 12వ తేదీ యొడంబడికతో నిజాము, ఆ జీతముల క్రింద, తాను పొందిన ఈ భూములన్నిటిని కుంఫిణీకి శాశ్వతముగ వదలివైచెను. అనగా బళ్లారి రైతు పండించిన జొన్నయు కడప రైతు పండించిన కొఱ్ఱయు హైదరాబాదులోని పరదేశి పటాలమునకు బత్తెమైనవి. ఆ సంవత్సరమే థామస్ మన్రో కలెక్టరై వచ్చి, 1807 వరకు ఇచ్చటనుండి, ఎనుబదిమంది వఱకునున్న పాళెగాండ్రను అణచి, పొలము పొలమునకు శిస్తు కట్టెను. మన్రోను మెచ్చుకొనువారు సీమలో నేటికిని గలరు. ఆ చర్చ యిచ్చట ననవసరము. మెచ్చుకొన్నను తెగడినను, ఆయన కచేరీ కాగితములపై నున్న శీర్షిక ‘సీడెడ్’ అనునదియే. దానిని మనవారు ‘దత్తమండలము’లని తెనిగించిరి. ఈ తెనుగే మూలముకన్న కొంత మేలు. దత్తుడైన బిడ్డకు పెంచిన యింట హక్కుండును. ఆంగ్లపు మాటలో నది కూడ లేదు.

సరే, చరిత్రకు సంబంధించిన మాట గనుక చరిత్రప్రకారము వాడుచున్నామని మన పత్రికలవారు చెప్పుదురేమో. అదియు నిజము కాదు. నంద్యాలనే తీసికొందము. నంద్యాల, శిరువెళ్ల తాలూకాలు కర్నూలు నవాబు జాగీరులోనివి. ఆళ్లగడ్డయు అహోబిలమును ఆ శిరువెళ్ల తాలూకాలోనివే. 1800లో నిజాము కుంఫిణీకి వదలినది కర్నూలు నవాబు కట్టు పేష్కషును మాత్రమే. నేల నవాబు చేతనే యుండెను. 1839లో కుంఫిణీవారు సైన్యముతో వచ్చి, నవాబు గులాం రసూల్‌ఖానును పట్టి, తిరుచిరాపల్లికి పంపి, ఈ నేలను కలుపుకొనిరి. 1858లో కడప, బళ్లారి జిల్లాలనుండి కొన్ని తాలూకాలను చేర్చి దీనిని కర్నూలు జిల్లా యనిరి. కావున నంద్యాల ఇచ్చివేయబడినది గాదు, లాగికొనబడినది. బనగానపల్లె యన్ననో, అది 1948 వఱకు సంస్థానము. ఇక తిరుపతిని చూడుడు. అది యుత్తరార్కాటు జిల్లాలోనిది. 1801లో ఆర్కాటు నవాబు పక్షమునుండి కుంఫిణీకి పోయినది. నిజామునకు దానితో సంబంధమే లేదు. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడినప్పుడు మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు మాత్రము కడపనుండి వచ్చి అందు చేరినవి. అయినను నేటి పట్టికలలో తిరుపతి కొండక్రింది సినిమాశాల రాబడియు సీడెడ్ ఖాతాలోనే! నిజముగ దత్తమైన బళ్లారి 1953లో మైసూరు రాష్ట్రమున చేరి, నేడు కర్ణాటకముననున్నది. అర్థము తెలిసి వాడినచో అవమానము. అర్థము తెలియక వాడినచో అజ్ఞానము. చరిత్రయని వాడినచో అబద్ధము. ఈ మూటిలో దేనిని తమదిగ నొప్పుకొందురో పత్రికలవారే తేల్చుకొందురుగాక.

ఈ మాటకు ఉరివేసిన యూరు నంద్యాలయే యని యెందఱికి జ్ఞాపకమున్నది? 1928 నవంబరు 17, 18 తేదీలలో ఆంధ్రమహాసభ నంద్యాలలో జరిగెను. దానితోపాటు కడప కోటిరెడ్డిగారి యధ్యక్షతను దత్తమండలముల సభయు జరిగెను. ఆ సభయందు చిలుకూరి నారాయణరావుగారు లేచి, ఇచ్చుటకును పుచ్చుకొనుటకును మేము వస్తువులమా యను భావముతో ఆ పేరును నిరాకరించి, విజయనగర రాయలు ఏలిన నేల గనుక ‘రాయలసీమ’ యనవలెనని సూచించిరి. సభ యామోదించెను. నారాయణరావుగారు ఈ సీమలో పుట్టినవారు గారు. ఉత్తరాంధ్రమునుండి వచ్చి అనంతపురము కళాశాలలో తెలుగు బోధించుచుండిరి. 1916లో నెలకొన్న ఆ కళాశాల పేరే సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కళాశాల. అనుదినమును ఆ పలకక్రిందుగ నడచిపోయిన పండితునకు ఆ మాట బరువు తెలిసినది. ఆయన భాషాశాస్త్రమున ఉద్దండుడు. ‘ఆంధ్రభాషా చరిత్రము’ వ్రాసినవాడు. మాటలు వట్టి ధ్వనులు కావని ఆయనకు వేఱొకరు చెప్పనక్కఱలేదు. ఈ నామకరణ గౌరవమును చాలకాలము గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారికి ఆరోపించుచుండిరి. పరిశోధకులు తరువాత చిలుకూరివారిదని తేల్చిరి. గాడిచర్లవారికి ఈ యొక్క గౌరవము తగ్గినను లోటులేదు. స్వరాజ్య పత్రికలో వ్రాసిన వ్రాతకు 1908లోనే చెఱసాలకేగిన కర్నూలు బిడ్డడాయన.

రాయలును రాజులే కదా, ఒక రాజు పేరు తీసి మఱియొక రాజు పేరు పెట్టుకొనుటలో విశేషమేమని యడుగు చమత్కారులు కొందఱు గలరు. విశేషము పేరులో కన్న పెట్టినవారిలో నున్నది. మొదటి పేరును ఒడంబడిక వ్రాసిన గుమాస్తా పెట్టెను. రెండవదానిని ఆ నేలవారు తమ సభలో, తమ తీర్మానముతో పెట్టుకొనిరి.

ఆ పేరు నిలిచినదా? నిలిచినది. తొమ్మిదేండ్లకు, 1937 నవంబరు 16న, మదరాసులో కాశీనాథుని నాగేశ్వరరావుగారి శ్రీబాగు భవనమున కోస్తా నాయకులును సీమ నాయకులును కూర్చుండి యొడంబడిక వ్రాసికొన్నప్పుడు, రాయలసీమ యను పేరే వ్రాసిరి. ఆ రెండు కాగితములను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. 1800 నాటి కాగితమున ఈ నేల యొక సరకు. 1937 నాటి కాగితమున ఈ నేల యొక పక్షము. తుంగభద్ర, కృష్ణ, పెన్నల నీటిలో తనకు ముందు వాటా కావలెనని యడిగిన పక్షము. ఆ యడుగుట 1928కి పిదప జరిగినదని మఱువరాదు. 1953లో ఆంధ్రరాష్ట్రమునకు కర్నూలు రాజధాని యైనది ఆ యొడంబడిక బలముననే. అది మూడేండ్లకే హైదరాబాదునకు తరలిపోయినది. అది వేఱు దుఃఖము. రైలుబండికి రాయలసీమ పేరే, ముద్దనూరుచెంతనున్న విద్యుత్కేంద్రమునకు రాయలసీమ పేరే, కర్నూలు విశ్వవిద్యాలయమునకు రాయలసీమ పేరే. ప్రభుత్వము మానినది, చట్టము మానినది, బడిపుస్తకము మానినది. ఒక్క చిత్రవార్తల పుట మాత్రము మానలేదు. ఇంగ్లీషువాడు పోయి మూడు తరములైనను అతని గుమాస్తా ఆ పుటలో నింకను కొలువు చేయుచున్నాడు.

ఒక యుదాహరణము చాలును. ఆళ్లగడ్డ చేరువనే ఉయ్యాలవాడ గలదు. ఆ యూరి నరసింహారెడ్డి 1846 జూలైలో కోయిలకుంట్ల ఖజానాపై బడి కుంఫిణీపై తిరుగుబాటు ప్రారంభించెను. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలోనే ఆయనను వేలమంది యెదుట నురితీసిరి. ఆయన తలను కోటగుమ్మమున వ్రేలాడదీసి, చూచువారు దడిసిపోవుటకై ముప్పదియేండ్లు, 1877 వఱకు, అట్లే యుంచిరి. ఈ కథను కోట్లు వెచ్చించి చిత్రముగ దీసి, ‘సైరా నరసింహారెడ్డి’ యను పేరుతో 2019 అక్టోబరు 2న, గాంధీ జయంతినాడు, విడుదల చేసిరి. మంచిదే. కోయిలకుంట్ల, ఆళ్లగడ్డ, నంద్యాల ప్రజలు బండ్లు కట్టుకొని పోయినట్లు పోయి చూచిరి, కన్నీరు గార్చిరి. తరువాత పట్టికలు వచ్చినవి. కుంఫిణీ పాలన నెదిరించి తల గోలుపోయిన వాని చిత్రమునకు, ఆతని నేలలో, ఆతని జనము చెల్లించిన టిక్కెట్టు సొమ్మును కుంఫిణీ పెట్టిన పేరు క్రిందనే జమకట్టిరి! వ్రాసినవారిలో నొక్కరికైనను కలము జంకలేదు.

ఈ విషయమున మఱియొక చోద్యము గలదు. చిత్రసీమవారికి రాయలసీమ యను పేరు తెలియదా యన్న, చక్కగ తెలియును. 2000లో ‘రాయలసీమ రామన్నచౌదరి’ వచ్చినది. 2002లో ‘సీమసింహం’ వచ్చినది. పేరులో లేకున్నను కథలో సీమయున్న చిత్రములు లెక్కకు మిక్కిలి. వానిలో తెల్లచొక్కాలు, వేటకొడవళ్లు, నాటుబాంబులు, గాలికి లేచు జీపులు. వెనుకనుండి ‘ఇది రాయలసీమ’ యని గంభీరస్వరము. నెత్తురు పారవలసినచోట రాయలసీమ. రూపాయలు లెక్కించుచోట సీడెడ్. పగకు మా పేరు కావలెను, పైకమునకు అక్కఱలేదు. పత్రికలవారు మొదటి పనికి చిత్రసీమను నిందించుచు సంపాదకీయములు వ్రాసినవారే. రెండవదానిని తామే తమ యచ్చుయంత్రముతో చేయుచున్నారు.

మేము ఈ మాటను ప్రస్తావించినప్పుడెల్ల వచ్చు సమాధానములు మాకు తెలియనివి కావు. ఇది వర్తకుల పరిభాష, మేము కల్పించినది గాదని యొకటి. వర్తకుడు తన చిట్టాలో నేమైనను వ్రాసికొనును. చిట్టా వేఱు, పత్రిక వేఱు. పంపిణీదారులు మదరాసు రాజధాని నాడు నైజాము, ఆంధ్ర, సీడెడ్ అని చిత్రముల హక్కులను పంచుకొనిరి. నాడు పటమును అట్లేయుండెను. నేడు ఆ పటము లేదు. వైజాగు అని వ్రాయుచోట ఉత్తరాంధ్ర యని వ్రాయుట అదే పట్టికలో వచ్చినది కదా! అనగా వర్తకులును మార్చుకొనగలరు, పత్రికలును అనుసరింపగలవు. 1996లో మదరాసు చెన్నై యైన పిదపను, 2015లో రాజమండ్రి రాజమహేంద్రవరమైన పిదపను క్రొత్త పేర్లు పత్రికలయందు చోటు చేసికొనలేదా? సర్కారు జిల్లాలును మొగలు ఫర్మానాలతోను నిజాము సన్నదులతోను కుంఫిణీకి పోయినవే. గుంటూరు రాబడిని ‘సర్కారు’ ఖాతాలో ఎవరైన వ్రాయుచున్నారా? నైజాము మాట యేమందురా? ఆ ప్రభుత్వము 1948లో నంతరించినది. దాని సంగతి తెలంగాణ సోదరులు తేల్చుకొందురు. వారి మాట మేము మాటలాడము.

చోటు చాలదు, సీడెడ్ పొట్టిమాట యని యింకొక సమాధానము. ఇది విన్నప్పుడు మాకు నవ్వు వచ్చును. ‘సీమ’ యని రెండక్షరములు. అంతకన్న పొట్టిగ నేమి కావలెను?

మఱి, సీమ యువకులే ఆ మాటను మీసము మెలివైచి వాడుచున్నారు, తమ యభిమాన నటుడు సీడెడ్ రాజని గోడలపై వ్రాసికొనుచున్నారు, మీకేల నొప్పియందురు. ఇది నిజమే. ఇది మమ్ము మిక్కిలి బాధించునదియు నిదియే. తమ్ములారా, మీరు వాడునది మీ పేరు కాదు. మీ తాతల తాతలను ఎద్దులతో మేకలతో పాటు వ్రాసియిచ్చిన దస్తావేజులోని పదము. మీకు దానిని నేర్పినది బడి గాదు, అమ్మ గాదు; పత్రిక. అందుచేతనే మా కోపము మీపై లేదు.

చివరిదియు బరువైనదియు నగు సమాధానము వేఱు. పేరు గొప్ప, ఊరు దిబ్బ యను సామెత చెప్పి, నీళ్లు లేక బీళ్లు పడిన నేలకు పేరెట్లున్ననేమి, మొదట నీళ్ల సంగతి వ్రాయుడని పెద్దమనుష్యులు కొందఱు అందురు. వీరి మాటకు మేము తలవంతుము. కాని సగము వఱకే. నీళ్ల సంగతి ఈ పుటలో వ్రాయుచునే యున్నాము, వ్రాయుచునే యుందుము. శ్రీబాగులో పదియేండ్లు లేక అంతకెక్కువ కాలము సీమకును నెల్లూరునకును నీటిలో ప్రాధాన్యమన్న వాగ్దానమేమైనదో అందఱకు తెలియును. 1983 నాటి యొప్పందముతో మదరాసు దాహము దీర్చుటకు తెలుగుగంగ కాలువ వెలుగోడునుండి నంద్యాల, ఆళ్లగడ్డ పొలముల ప్రక్కగ పోవుచున్నది. ఆ గట్టుపై నిలిచి నీటిని చూచు రైతు తన వంతు కొఱకు ఏటేట దరఖాస్తులు పెట్టుచున్నాడు. ఇదంతయు సత్యము. కాని నీరడుగుటకు ముందు అడుగువాడొకడు ఉండవలెను గదా. 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టమున రాయలసీమకు ‘వెనుకబడిన’ యను విశేషణము తగిలించి, ప్రత్యేకసాయము చేయుదుమని వ్రాసిరి. ఆ విశేషణమును మేము మెడలో పూలదండవలె ధరించుటలేదు. వెనుకబడినది యనగా తనంతట తాను బడినట్లున్నదే గాని, ఎవరో వెనుకకు నెట్టినట్లు లేదు. అయినను దానిని చూపి యడుగవచ్చును. వెనుకబడితిమని మీరే వ్రాసితిరి, ముందునకు తెచ్చు సొమ్మేదని నిలదీయవచ్చును. ‘సీడెడ్’ అను మాటను చూపి ఏమి యడుగుదుము? ఇచ్చివేయబడినవాడు ఎవరిని ఏమని యడుగును? తన్ను తాను వస్తువుగ పిలుచుకొన్నవానికి వాటా పెట్టిన ప్రభుత్వమేదియు మాకు తెలియదు.

సందర్భము వచ్చినది గనుక ఆళ్లగడ్డకు తగిలించు ఇంకొక విశేషణమును కూడ ముట్టకుండ పోలేము. ఎన్నికలు వచ్చినచాలు, ‘సున్నితమైన’, ‘సమస్యాత్మకమైన’ యను మాటలు లేకుండ ఆళ్లగడ్డ పేరు అచ్చుకాదు. ఎన్నికల యధికారులు బందోబస్తుకై కొన్ని పోలింగు కేంద్రములను అట్లు గుర్తింతురు. అది వారి పని, ఆ దినము వఱకే. పత్రికలవారు దానిని ఊరంతటికి పూసి, ఎన్నికలు ముగిసిన పిమ్మటను తుడువకున్నారు. ఆళ్లగడ్డ శిల్పులు ఉలి పట్టి చెక్కిన దేవతామూర్తులు దూరదేశముల గుడులలో పూజలందుకొనుచున్నవి. అహోబిలమునకు ఆ యూరి మీదుగనే పోవలెను. కర్నూలు కడప కాలువక్రింద వరి పండించు రైతులు గలరు. వీరిని గూర్చి వ్రాయునప్పుడు ‘ప్రసిద్ధమైన’ యనియో ‘పచ్చని’ యనియో విశేషణము దొరకదు. నోటికి సిద్ధముగ నున్నది ఒక్కటే. పగలు లేవని మేము బొంకుటలేదు. వాని వలన చచ్చినవారి యిండ్లు మేమెఱుగుదుము. జరిగిన నేరమును జరిగినట్లు, పేరుతో, తేదీతో వ్రాయుడు. నేరము చేయని వేలాది జనమున్న యూరికి ఆ నేరమును విశేషణముగ కట్టకుడు. కాని ఇది వేఱొక వ్యాసమునకు తగిన విషయము.

ప్రస్తుతము మేము కోరునది మిక్కిలి చిన్నది. దీనికి చట్టమక్కఱలేదు, నిధులక్కఱలేదు, ఢిల్లీకి రాయబార మక్కఱలేదు. సంపాదకుడు తన చిత్రవార్తల విలేఖరిని పిలిచి యొక్కమాట చెప్పిన చాలును. 2028 నవంబరునకు నంద్యాల తీర్మానమునకు నూరేండ్లు నిండును. ఆనాడు పత్రికలన్నియు ప్రత్యేకసంచికలు వెలువరించుననియు, చిలుకూరివారి ఛాయాచిత్రము వేయుననియు, రాయలసీమ నామకరణమును గూర్చి పుటలకొలది వ్రాయుననియు మాకు సందేహము లేదు. ఆ సంచికలోనే, వెనుక పుటలో, ‘సీడెడ్ ఇంత’ యని యుండినచో ఆ పత్రిక ముఖమెట్లుండును?

కావున నంద్యాల, ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల, బనగానపల్లె పఠనమందిరముల పెద్దలకు మా మనవి. వచ్చు శుక్రవారపు చిత్రమునకు సోమవారము పట్టిక వచ్చును. ఆ పంక్తిని కత్తిరించి, కార్డుపై నంటించి, ప్రక్కన ‘రాయలసీమ’ యని తెలుగులో వ్రాసి, ఆ పత్రిక సంపాదకుని పేర తపాలాలో వేయుడు. నలువదిమంది నలువది వారములు వేసినచో పదునాఱువందల కార్డులగును. ఏ సంపాదకుని బల్లయు అంత బరువు మోయజాలదు. సీమనుండి వెలువడు పత్రికలే ఈ మాటను వాడుచున్నచో వానికి మొదట వ్రాయుడు. 1926లో అనంతపురమునుండి శ్రీ సాధన పత్రికను పప్పూరి రామాచార్యులవారు నడిపిన నేల యిది. ఇచ్చటి పత్రికలకు ఇతరులు చెప్పువఱకు ఆగవలసిన పనిలేదు. మా కార్యాలయమునకు వచ్చు చిత్రప్రకటనలలో ఆ మాట యున్నచో, దానిని కొట్టివైచి రాయలసీమ యని దిద్దియే అచ్చునకిచ్చుచున్నాము. ఇంతవఱకు ఏ పంపిణీదారుడును అభ్యంతరము చెప్పలేదు.